థర్మోకోల్: నిల్వలోను, రవాణాలోను జాగ్రత్తలు

వార్షికోత్సవ వేదికను అలంకరించు థర్మోకోల్ పలకలను మనమందరము ఎరుగుదుము. శీతల గిడ్డంగుల గోడలలో వేడిని అడ్డునదియు ఇదియే. దీని ఘనపరిమాణములో సుమారు 98 శాతము గాలియే. ఇంత తేలికైన వస్తువువలన ప్రమాదమేమని తలచుట పొరపాటు.

పాలీస్టైరీన్ పూసలను పెంటేన్ సాయమున ఉబ్బించి దీనిని తయారుచేయుదురు. కొత్త దిమ్మెలనుండి పెంటేన్ ఆవిరి కొన్ని దినములు వెలువడుచుండును. అది సులభముగా మండును; గాలికన్న బరువైనదగుటచే నేలమట్టమున పోగుపడును. కావున గిడ్డంగికి క్రిందిభాగమునను గాలిదారి ఉండవలెను. మూసిన లారీ తలుపులు తెరచి, గాలి ఆడనిచ్చిన పిమ్మటనే లోనికి పోవలెను.

దిమ్మె పాతబడినచో ఆవిరి పోవును గాని మండు గుణము పోదు. 1996 ఏప్రిల్ 11న జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయమున వెల్డింగు పనివలన పైకప్పులోని పాలీస్టైరీన్ పలకలు అంటుకొనగా, 17 మంది మరణించిరి.

పలకలను నీడలో, చదునైన చోట పేర్చవలెను. ఎండకు అవి పసుపుబారును. లారీలో వెడల్పు పట్టీలతో బిగింపవలెను. సన్నని త్రాడు అంచులను కోయును. పెట్రోలు, అసిటోన్ సోకినచో అవి కరగిపోవును.

ఉత్సవానంతరము మిగిలిన పలకలను జనరేటరు గదిలోనో, ప్రయోగశాలలోనో పడవేయుట మనకు అలవాటు. వాటికొక వేరు గదిని కేటాయింపవలసినదిగా కమిటీ పెద్దలకు మనవి చేయుచున్నాము.