పండక్కి రూతు అడిగిన కారు

డిసెంబరు నెల వచ్చింది. గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో చాలా ఇళ్ళ ముందు కాగితం నక్షత్రాలు వేలాడుతున్నాయి. చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతున్నారు. డిసెంబరు 25న క్రిస్మస్ పండగ.

పెద్దలకు ఇది లెక్కల నెల. బట్టలు కొనాలి. పిండివంటలకు నూనె, బెల్లం తేవాలి. ఇంటికి సున్నం వేయించాలి. చర్చికి కానుక ఇవ్వాలి. పిల్లలకు మాత్రం ఇది ఆశల నెల.

మార్తమ్మ పత్తి తీతకు వెళుతుంది. కిలోకు 10 రూపాయల కూలి. రోజంతా తీస్తే 30 కిలోలు తీస్తుంది. అంటే రోజుకు 300 రూపాయలు. భర్త ఏసోబు తాపీ పనికి పోతాడు. ఒక రోజు పని ఉంటుంది, ఒక రోజు ఉండదు. వాళ్ళకు ఒక్కతే కూతురు, రూతు. ఆరేళ్ళ పిల్ల. ఒకటో తరగతి చదువుతోంది.

ఒకరోజు సాయంత్రం రూతు బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మా, మా క్లాసు పిల్లకి కారుందే! బ్యాటరీ కారు. లోపల కూర్చుంటే అదే పోతది. నిరుడు పండక్కి క్రిస్మస్ తాత తెచ్చాడంట. నాక్కూడా కావాలే!"

మార్తమ్మ అప్పుడే చేను నుంచి వచ్చింది. నడుము నొప్పి. పొయ్యి వెలిగించాలి. "సరేలే, చూద్దాంలే" అంది.

మర్నాడు పొద్దున రూతు వీధంతా చెప్పుకొచ్చింది. "మా అమ్మ నాకు కారు కొంటది!"

పక్కింటి సుగుణమ్మ వచ్చి అడిగింది. "ఏం వదినా, కారు కొంటున్నారంటగా?"

మార్తమ్మ ఆశ్చర్యపోయింది. "నేనెక్కడ కొంటానన్నాను? చూద్దాం అన్నాను, అంతే."

పెద్దలు 'చూద్దాం' అంటే కాదని అర్థం. పిల్లల చెవికి అది 'కొంటాను' అని వినబడుతుంది.

ఇంట్లో నాయనమ్మ ఇంకో మాట అంది. "నువ్వు మంచిపిల్లగా ఉంటే తాతే తెచ్చిస్తాడులేవే."

ఆ రోజు నుంచి రూతు పిలవకముందే లేస్తోంది. తిన్న కంచం తానే కడుగుతోంది. చిన్న బిందెతో నీళ్ళు తెస్తోంది. నాయనమ్మ మురిసిపోయింది. నాలుగు రోజులు గడిచాయి. రాత్రి పక్కలో పడుకుని రూతు మెల్లగా అడిగింది.

"అమ్మా, ఆ పిల్లకి తాత కారు తెచ్చాడు. నాకు బెలూన్లు తెచ్చాడు. నేను చెడ్డపిల్లనా?"

మార్తమ్మకు నోట మాట రాలేదు. పిల్ల అడిగింది కారు గురించి కాదు. తన గురించి.

మార్తమ్మ వేసిన లెక్క

రూతు నిద్రపోయాక మార్తమ్మ ఏసోబుతో ఈ సంగతి చెప్పింది. ఏసోబు కూడా బాధపడ్డాడు.

"ఒక్కగానొక్క పిల్ల. అప్పు చేసైనా కొందాం. కారు 7,000 రూపాయలంట. నూటికి 3 రూపాయల వడ్డీకి అప్పు దొరుకుద్ది" అన్నాడు.

మార్తమ్మ నోటుబుక్కు తీసింది. రాత్రి బడిలో నేర్చుకున్న లెక్క రాసింది.

అప్పు: 7,000 రూపాయలు
ఒక నెల వడ్డీ: 210 రూపాయలు
12 నెలల వడ్డీ: 2,520 రూపాయలు
ఏడాది తర్వాత తీర్చినప్పుడు మొత్తం: 9,520 రూపాయలు

"రోజుకు 300 చొప్పున 32 రోజుల పత్తి తీత. నెలకు పైగా వంచిన నడుం ఎత్తకుండా తీసి, ఒక బొమ్మకి పోయాలి. ఈలోగా ఎవరికన్నా జ్వరం వస్తే మళ్ళీ అప్పే" అంది.

ఏసోబు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి పిల్ల ఏడిస్తే?" అన్నాడు.

"ఏడుస్తది. ఇవాళ చెబితే ఒక పూట ఏడుస్తది. పండగ దాకా ఆశపెట్టి, ఆ రోజు లేదంటే చాన్నాళ్ళు గుర్తుపెట్టుకుంటది. రేపే చెబుదాం. నువ్వూ నేనూ అత్తా, ముగ్గురం ఒకటే మాట చెప్పాలి."

చింతగింజలు

మర్నాడు ఆదివారం. మార్తమ్మ రూతును ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"రూతూ, ఆ కారు మనం కొనటంలేదు. అది 7,000 రూపాయలు. అంత డబ్బు దానికి పెట్టలేం."

"ఏడు వేలంటే ఎంతమ్మా?"

ఆరేళ్ళ పిల్లకు నూరుకీ వేలకీ తేడా ఏం తెలుస్తుంది? మార్తమ్మ చింతగింజలు తెచ్చి నేల మీద పోసింది.

"ఒక్కో గింజ అమ్మ ఒక రోజు పత్తి తీసినట్టు. కారుకి 24 గింజలు కావాలి. లెక్కపెట్టు."

రూతు లెక్కపెట్టింది. బారుగా 24 గింజలు. మార్తమ్మ మళ్ళీ అంది. "ఇవన్నీ కారుకి పోతే బియ్యానికి ఏవి? నీ కొత్త గౌనుకి ఏవి? నాయనమ్మ మందులకి ఏవి?"

రూతు గింజల వంక చూసింది. తర్వాత ఏడ్చింది. మార్తమ్మ కసరలేదు. "మనలాంటోళ్ళకి కార్లెందుకే" అని తీసిపారేయలేదు. ఏడుపు ఆగేదాకా వీపు నిమిరింది. తర్వాత చెప్పింది.

"కారు కావాలని అడగటం తప్పు కాదు. నువ్వు మంచిపిల్లవే. కారు ఉన్నోళ్ళు మంచోళ్ళు, లేనోళ్ళు చెడ్డోళ్ళు కాదు."

"మరి తాత?"

సండే స్కూలు టీచరమ్మ చెప్పిన కథ మార్తమ్మకు గుర్తుంది. ఆ కథే చెప్పింది.

క్రిస్మస్ తాత కథ

సుమారు 1,700 ఏళ్ళ కిందట మైరా అనే ఊళ్ళో నికోలసు అనే బిషప్పు ఉండేవాడు. ఆ ప్రాంతం ఇప్పుడు టర్కీ దేశంలో ఉంది. ఒక పేదవాడికి ముగ్గురు కూతుళ్ళు. కట్నం ఇవ్వలేక పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. నికోలసు రాత్రివేళ ఎవరికీ తెలియకుండా వెళ్ళి, వాళ్ళ కిటికీలోంచి బంగారం మూట లోపల వేశాడని చెప్పుకుంటారు. ఆయన కథల నుంచే క్రిస్మస్ తాత పుట్టాడు.

"ఆ తాత ఇప్పుడు లేడు. ఆయన పేరు చెప్పి అమ్మానాన్నలే కానుకలు ఇస్తారు. ఆ పిల్లకి కారు కొన్నది వాళ్ళ ఇంట్లోవాళ్ళు. నీకు బెలూన్లు కొన్నది నేను" అంది మార్తమ్మ.

రూతు కళ్ళు తుడుచుకుంది. "అయితే నేను చెడ్డపిల్లనని కాదుగా?"

"కాదు."

ఆ తర్వాత మార్తమ్మ రెండు దారులు చెప్పింది. "300 రూపాయల లోపు నీకు ఒకటి కొంటాం. బొమ్మ కావాలా? రంగు పెన్సిళ్ళూ బొమ్మల పుస్తకమూ కావాలా? నువ్వే చెప్పు." రూతు రంగు పెన్సిళ్ళే అడిగింది. పండక్కి ఎన్ని రోజులుందో అన్ని గీతలు గోడ మీద బొగ్గుతో గీశారు. రోజుకొక గీత రూతే కొట్టేసింది. నాయనమ్మకు ఇవ్వటానికి తనే ఒక కాగితం నక్షత్రం కత్తిరించింది.

క్రిస్మస్ రోజు పొద్దున పెన్సిళ్ళతోపాటు ఒక కార్డు కూడా ఉంది. దాని మీద "మా రూతుకు, అమ్మ" అని రాసి ఉంది. రెండేళ్ళ కిందట మార్తమ్మది వేలిముద్ర. రూతు కూడబలుక్కుని చదివింది.

ఆ పిల్ల కారు వీధిలో కనబడితే రూతు ఇప్పటికీ ఆగి చూస్తుంది. "పెద్దయ్యాక నేనే కొనుక్కుంటా" అంటుంది. అననివ్వండి. ఆశ ఉండటంలో తప్పు లేదు.

తెలుసుకుందాం

1. కొనలేని వస్తువు గురించి "చూద్దాం" అనవద్దు. "కొనలేం" అని ముందే, మెత్తగా చెప్పండి.

2. చిన్నపిల్లలకు వేల లెక్క తెలియదు. గింజలతోనో, పని రోజులతోనో చూపించండి.

3. "మంచిగా ఉంటే తాత ఇస్తాడు" అనవద్దు. కానుక రాకపోతే తప్పు తనదే అని పిల్ల అనుకుంటుంది.

4. ఇంట్లో అందరూ ఒకే మాట చెప్పండి. అమ్మ కాదంటే నాన్న, నాన్న కాదంటే నాయనమ్మ సరే అనకూడదు.

5. టీవీలో, ఫోనులో బొమ్మల ప్రకటనలు పిల్లలు అడగాలనే తయారుచేస్తారు. పిల్లను తిట్టి లాభం లేదు. అది అమ్మేవాళ్ళ పని అని చెప్పండి.

6. చిన్నదైనా సరే, ఇస్తానన్నది తప్పక ఇవ్వండి. అప్పుడే మీ "లేదు"ను కూడా పిల్లలు నమ్ముతారు.

ఇది క్రిస్మస్‌కే కాదు. సంక్రాంతికీ, రంజానుకీ, పుట్టినరోజుకీ ఇదే మాట.

మాట్లాడుకోండి

1. ఏసోబు అప్పు చేద్దామన్నాడు. ఎందుకన్నాడు? మీ ఇంట్లో అయితే ఏం చేస్తారు?

2. మీ చిన్నప్పుడు మీరు అడిగి దొరకని వస్తువు ఏది? అప్పుడు పెద్దలు మీతో ఏమన్నారు?

3. పిల్లలకు కథ నిజం చెప్పాలా, ఇంకొన్నాళ్ళు తాతను నమ్మనివ్వాలా? మీ సంఘంలో అందరూ ఒక్కో మాట చెప్పండి.

లెక్క చేయండి

1. నూటికి 3 రూపాయల వడ్డీకి 2,000 రూపాయలు అప్పు తెచ్చారు. నెలకు వడ్డీ ఎంత? 6 నెలలకు ఎంత?

2. పండగ కోసం వారానికి 20 రూపాయలు పొదుపు చేశారు. 50 వారాలకు ఎంత అవుతుంది?

రాయండి

మీ ఇంట్లో పిల్లకో, పిల్లవాడికో పండగ కార్డు రాయండి. వాళ్ళ పేరు రాయండి. వాళ్ళలో మీకు నచ్చిన ఒక్క సంగతి రాయండి. కింద మీ సంతకం చేయండి.