తీసేసిన గేర్‌బాక్స్ ఏమేం పనులు చేసేది?

ఆటోమేటిక్ కారుని మాన్యువల్‌గా మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చు. అమెరికాలో పాత స్పోర్ట్స్ కార్లు ఉన్నవాళ్లు కొందరు ఈ పని ఇంటి గ్యారేజీలోనే చేసుకుంటారు. ఒకే మోడల్‌ని కంపెనీ రెండు రకాలుగానూ అమ్మి ఉంటే ఇంకా సులువు. స్క్రాప్‌కి వెళ్లిన మాన్యువల్ కారు నుంచి భాగాలు తెచ్చి బిగిస్తారు. వింటే కంప్యూటర్‌లో ఒక ర్యామ్ తీసి ఇంకో ర్యామ్ పెట్టినట్టే అనిపిస్తుంది.

కానీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గేర్లు మార్చడం ఒక్కటే చేయదు. డ్రైవర్‌కి తెలియకుండా ఇంకా చాలా పనులు చేస్తుంది. దాన్ని తీసేశాక ఆ పనులన్నీ ఎవరో ఒకరికి అప్పజెప్పాలి. అందుకే ఈ మార్పిడిని భాగాల లిస్టుగా కాకుండా పనుల లిస్టుగా చూద్దాం.

మొదటి పని: కలపడం, విడదీయడం

కారు సిగ్నల్ దగ్గర ఆగినా ఇంజిన్ ఆగకూడదు. ఆటోమేటిక్‌లో ఆ పని టార్క్ కన్వర్టర్‌ది. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఆయిల్ ద్వారా శక్తి వెళ్తుంది కాబట్టి, చక్రాలు ఆగినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. మాన్యువల్‌లో ఈ పని క్లచ్‌ది, అంటే మన ఎడమ కాలిది.

ఇక్కడ పని పెద్దదే. ఇంజిన్ వెనక ఉన్న పల్చటి ఫ్లెక్స్‌ప్లేట్ తీసి, బరువైన ఫ్లైవీల్ బిగించాలి. క్లచ్ ప్లేట్ ఒరుసుకోవడానికి నున్నటి, గట్టి ముఖం కావాలి కదా! దాని మీద క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ వస్తాయి. లోపల క్లచ్ పెడల్, దానికి మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండర్, మధ్యలో ఫ్లూయిడ్ పైపు కావాలి. వెడల్పాటి బ్రేక్ పెడల్ తీసి చిన్నది పెట్టాలి, లేకపోతే మూడో పెడల్‌కి చోటు చాలదు. వెనక చక్రాలతో నడిచే కారైతే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, గేర్‌బాక్స్‌ని మోసే మౌంట్ కూడా మారొచ్చు. ఆటోమేటిక్ ఆయిల్‌ని చల్లబరచడానికి రేడియేటర్‌కి వెళ్లే పైపులు ఉంటే వాటిని మూసేయాలి.

ఇంతా చేశాక బండి రెడీ అనుకుంటాం. ఇల్లు అలకగానే పండగ కాదు.

రెండో పని: కబుర్లు చెప్పడం

ఇది మన బ్రాంచ్ వాళ్లకి బాగా అర్థమయ్యే భాగం. ఇప్పటి కార్లలో ఇంజిన్‌కి ఒక కంప్యూటర్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి ఇంకో కంప్యూటర్ ఉంటాయి. కొన్ని కార్లలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. ఇవి క్యాన్ బస్ అనే నెట్‌వర్క్ మీద మాట్లాడుకుంటాయి. ఆ నెట్‌వర్క్‌ని బాష్ కంపెనీ 1986లో ప్రపంచానికి పరిచయం చేసింది. గేర్ మారే క్షణంలో గేర్‌బాక్స్ కంప్యూటర్ ఇంజిన్‌కి "కాస్త టార్క్ తగ్గించు" అని మెసేజ్ పంపుతుంది. ఏ గేర్‌లో ఉందో కూడా చెప్తుంది.

గేర్‌బాక్స్ కంప్యూటర్ తీసేస్తే ఆ మెసేజ్‌లు ఆగిపోతాయి. ఇంజిన్ కంప్యూటర్ మాత్రం వాటి కోసం చూస్తూనే ఉంటుంది. రాకపోయేసరికి చెక్ ఇంజిన్ లైట్ వెలిగిస్తుంది. కొన్ని కార్లయితే పవర్ తగ్గించి లింప్ మోడ్‌లోకి వెళ్లిపోతాయి. మెకానికల్‌గా అంతా బాగున్నా కారు సరిగ్గా నడవదు. దీనికి సరైన మందు ఇంజిన్ కంప్యూటర్‌లో "ఈ కారు మాన్యువల్" అని కోడింగ్ మార్చడం, లేదా మాన్యువల్ వెర్షన్ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం. రివర్స్ లైట్ స్విచ్, స్పీడోమీటర్‌కి వెళ్లే స్పీడ్ సిగ్నల్ కూడా ఈ ఖాతాలోవే.

మూడో పని: కాపలా

ఎక్కువగా మర్చిపోయేది ఇదే, ప్రమాదం ఎక్కువ ఉన్నదీ ఇదే.

ఆటోమేటిక్ కారు పీ లోనో ఎన్ లోనో ఉంటేనే స్టార్ట్ అవుతుంది. గేర్‌బాక్స్ మీద ఉన్న ఒక స్విచ్ ఆ రెండు చోట్ల మాత్రమే స్టార్టర్ సర్క్యూట్‌ని కలుపుతుంది. గేర్‌బాక్స్‌తో పాటు ఆ స్విచ్ కూడా పోతుంది, కాబట్టి కీ తిప్పితే ఏమీ జరగదు. అప్పుడు చాలామందికి తట్టే షార్ట్‌కట్ రెండు వైర్లు కలిపేయడం. కారు స్టార్ట్ అవుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. కానీ ఇప్పుడది ఫస్ట్ గేర్‌లో ఉన్నా స్టార్ట్ అవుతుంది. క్లచ్ తొక్కకుండా ఎవరైనా కీ తిప్పితే బండి ముందుకి దూకుతుంది. ముందు గోడ ఉండొచ్చు, మనిషి ఉండొచ్చు. మనం కోడ్‌లో ఎర్రర్ వస్తోందని చెక్ చేసే లైన్‌నే కామెంట్ చేసేస్తాం చూడండి, అచ్చం అలాంటిదే. సరైన పద్ధతి ఆ వైర్లని క్లచ్ పెడల్ స్విచ్‌కి కలపడం. పెడల్ పూర్తిగా తొక్కితేనే స్టార్టర్ తిరగాలి. కారుకి రిమోట్ స్టార్ట్ ఉంటే దాన్ని తీసేయాలి.

ఇంకో కాపలాదారు పీ. అందులో పెడితే గేర్‌బాక్స్ లోపల ఒక కొక్కెం పళ్ల చక్రానికి తగులుకుని బండిని కదలనివ్వదు. మాన్యువల్‌లో ఆ కొక్కెం లేదు. హ్యాండ్‌బ్రేకే దిక్కు, తోడుగా గేర్‌లో వదలాలి. అందుకే పాత కారు హ్యాండ్‌బ్రేక్ వదులుగా ఉంటే, గేర్‌బాక్స్ కంటే ముందు అది బాగు చేయించాలి.

కంపెనీయే చేస్తే?

టొయోటా జీఆర్ సుప్రా 2019లో అమ్మకానికి వచ్చినప్పుడు ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఒక్కటే. 2022లో ఆరు గేర్ల మాన్యువల్ ప్రకటించారు. గేర్‌బాక్స్, క్లచ్‌లతో ఆగలేదు. ఫైనల్ డ్రైవ్ నిష్పత్తిని 3.15 నుంచి 3.46కి మార్చారు, ట్రాక్షన్ కంట్రోల్‌ని మళ్లీ ట్యూన్ చేశారు. తయారు చేసినవాళ్లకే అంత పని పడితే, రెండు వారాంతాల్లో అయిపోతుందని మనం అనుకోకూడదు.

మన దేశంలో అయితే ఇంకో గేటు ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. స్పానర్ పట్టుకునే ముందే ఆర్‌టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అడగాలి.

చివరి పరీక్ష

పని పూర్తయిన కారుని టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లే ముందు ఇది చేయాలి. చదునైన చోట, ముందూ వెనకా మనుషులు లేకుండా, చక్రాలకి అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫస్ట్ గేర్‌లో పెట్టండి. కుడి కాలు బ్రేక్ మీద ఉంచండి. క్లచ్ ముట్టుకోకుండా ఒక్క క్షణం కీ తిప్పండి.

ఏమీ జరగకపోతే పని అయినట్టే.