మినీ ట్రాక్టరును ట్రక్కుపైకి ఎక్కించి తరలించడంలో పాటించవలసిన భద్రతా సూత్రాలు

పండ్ల తోటలలోను, పత్తి, కూరగాయల సాళ్ల మధ్య అంతరకృషికిని మినీ ట్రాక్టర్లు అనువైనవి. యంత్రాల అద్దె కేంద్రాలు వీటిని గ్రామం నుండి గ్రామానికి చిన్న ట్రక్కులపై తరలిస్తుంటాయి. పొలంలో నేర్పుగా నడిపే డ్రైవరు చేతిలో సైతం వాలు పలకలపై యంత్రం అదుపు తప్పవచ్చు. బరువు, వాలు, పట్టు అనే మూడింటినీ ముందుగా సరిచూసుకొంటే ఈ ప్రమాదాన్ని చాలావరకు నివారించవచ్చు.

బరువు అంచనా: 18 అశ్వశక్తి గల మినీ ట్రాక్టరు సుమారు 800 కిలోల బరువుంటుంది. రోటవేటరు తగిలిస్తే అది 1000 కిలోలకు చేరవచ్చు. కనుక 750 కిలోల సామర్థ్యం గల ట్రక్కుకు ట్రాక్టరు ఒక్కటే అధిక భారం. పనిముట్టును విప్పి వేరుగా తరలించడం మేలు. పలకల జత ట్రాక్టరు, డ్రైవరుల మొత్తం బరువును మించి మోయగలగాలి.

పలకల పొడవు: ట్రక్కు తొట్టి నేల నుండి 75 సెం.మీ. ఎత్తులో ఉన్నదనుకొంటే, 1.5 మీటర్ల పలకతో వాలు 30 డిగ్రీలు అవుతుంది. 3 మీటర్ల పలకతో అది 15 డిగ్రీలకు లోపే ఉంటుంది. 800 కిలోల ట్రాక్టరును వెనుకకు లాగే బలం మొదటి వాలుపై 400 కిలోలకు, రెండవ వాలుపై 200 కిలోలకు సమానం. పొడవైన పలకలు లేనప్పుడు గట్టి గట్టు పక్కన ట్రక్కును నిలిపి ఎత్తును తగ్గించుకోవచ్చు.

ఎక్కించే ముందు: ట్రక్కును చదునైన నేలపై నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టాలి. ట్రక్కు వెనుక భాగం కుంగి ముందు భాగం పైకి లేవకుండా తొట్టి చివర కింద దిమ్మెలు ఆనించాలి. తిరిగే చక్రాలు పలకలను వెనుకకు నెట్టివేస్తాయి కాబట్టి వాటిని గొలుసులతో ట్రక్కుకు బిగించాలి. టైర్లకు, పలకలకు అంటిన బురదను కడగాలి. కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను జతచేసి కొక్కెం వేయడం మరువరాదు. లేనిచో ఒక చక్రమే ఆగి ట్రాక్టరు పక్కకు తిరుగుతుంది.

ఎక్కించే విధానం: ట్రాక్టరు బరువులో ఎక్కువ భాగం వెనుక ఇరుసుపై ఉంటుంది. నిటారు వాలుపై ముందుకు నడిపితే ముందు చక్రాలు లేచి వెనుకకు తిరగబడవచ్చు. అందువలన వెనుక గేరులో ఎక్కించి, ముందు గేరులో దించడం క్షేమం. తయారీదారు కరదీపికలో వేరుగా సూచించినచో దానినే అనుసరించాలి. అతి తక్కువ వేగపు గేరును నేలపైనే ఎంచుకోవాలి. పలకలపై గేరు మార్చరాదు, క్లచ్ నొక్కరాదు, స్టీరింగు తిప్పరాదు. రక్షణ చట్రం ఉన్నచో సీటు బెల్టు ధరించాలి. పలకల పక్కన గాని, దిగువన గాని ఎవరూ నిలబడరాదు.

కట్టే విధానం: ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, తాళం తీయాలి. నాలుగు మూలల నుండి వేర్వేరు రాచెట్ బెల్టులతో బిగించాలి. బెల్టులను చట్రానికి, ఇరుసుకు తగిలించాలే గాని స్టీరింగు కడ్డీలకు కాదు. నూలు తాళ్లు సాగి వదులవుతాయి. బయలుదేరిన కొద్ది కిలోమీటర్లకే ఆగి, బిగింపును మరల సరిచూడాలి.

ఒకే చోటికి తరచుగా యంత్రాలు వచ్చిపోయే అద్దె కేంద్రాలు తొట్టి ఎత్తుకు సరిపడే శాశ్వత దిబ్బను నిర్మించుకొన్నచో పలకల అవసరమే ఉండదు.