గాలివాన రాత్రియు బ్యాటరీ లెక్కయు

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ ఆదివారమునాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినది. స్తంభములు కూలెను, తీగెలు తెగెను, పట్టణము చీకటిలో మునిగెను. కూర్మన్నపాలెములో మా యింట 12 వోల్టుల, 150 ఆంపియరు-గంటల సీసపు బ్యాటరీ యొకటి యుండెను. ఇంత పెద్ద బ్యాటరీ యుండగా భయమేల యని సాయంకాలము మొదలు రెండు పంకాలు, మూడు ట్యూబులైట్లు వేసికొని నిశ్చింతగా నుంటిమి. అర్ధరాత్రి కాకమునుపే యన్నియు నాగిపోయెను. జ్వరముతో నున్న పిల్లవానికి మందు కొలుచుటకు సెల్‌ఫోను వెలుగే గతియయ్యెను. అదియు తెల్లవారకమునుపే యారినది.

దోషము బ్యాటరీది కాదు, లెక్క వేయని మాదే.

వోల్టులను ఆంపియరు-గంటలతో గుణించినచో వాట్-గంటలు వచ్చును. పండ్రెండును నూటయేబదితో గుణింపగా 1800. కాని సీసపు బ్యాటరీని అడుగంట వాడరాదు. సగమునకు మించి పలుమారులు దింపినచో పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి, దాని యాయువు తగ్గును. కావున మనకు దక్కునది 900 మాత్రమే. పంకాలకు 150 వాట్లు, లైట్లకు 120, వెరసి 270. ఇన్వర్టరు తన పాలు తాను తీసికొనును గనుక మూడు గంటలు వచ్చుటయే గొప్ప. మేము అడుగంట వాడితిమి గనుక అయిదు గంటలకు పైగా నడచెను. కాని యా బ్యాటరీ మరల మునుపటివలె పనిచేయలేదు.

అదే 900 వాట్-గంటలతో, తిన్నగా 12 వోల్టులతో వెలుగు 5 వాట్ల ఎల్.ఇ.డి. దీపము ఎన్ని గంటలు వెలుగును? విద్యార్థులారా, భాగించి చూడుడు. 180 గంటలు! రాత్రికి పండ్రెండు గంటల చొప్పున పదునైదు రాత్రులు. ఇన్వర్టరు ఊరక యున్నను పది పదునైదు వాట్లు తినుచుండును. చిన్న దీపమునకై దానిని నడుపుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే.

ఇప్పుడు లిథియం-ఐరన్-ఫాస్ఫేటు పెట్టెలు అంగళ్లలో దొరకుచున్నవి. మా సీసపు బ్యాటరీని కదల్పుటకు ఇద్దరు కావలసియుండెను. 1000 వాట్-గంటల లిథియం పెట్టె పదునైదు కిలోల లోపున దొరకును. అందులో నూటికి ఎనుబదిపాళ్లు నిర్భయముగా వాడవచ్చును. లిథియం బ్యాటరీల కృషికై 2019లో నోబెల్ బహుమానము నొందిన ముగ్గురిలో జాన్ గుడినఫ్ గారికి అప్పటికి తొంబదియేడేండ్లు!

సౌరఫలకము మేలే కాని తుపాను మేఘముల క్రింద అది యిచ్చునది స్వల్పము. హెచ్చరిక వినిననాడే పెట్టెను నింపి యుంచవలెను. మన సముద్రపుగాలికి సీసపు బ్యాటరీ కొనలు చిలుము పట్టును గనుక, తుడిచి వాసెలీను పూయుట మంచిది.

ఇప్పుడు మా గోడపై నొక కాగితము అంటించితిమి. దీపము 5, ఫోను 10 అని మొదలుపెట్టి, పంకాను అన్నిటికంటె క్రింద వ్రాసితిమి.