తిమోర్-లెస్టే: శూన్యం నుంచి పాలన

దుర్బల రాజ్యం: ప్రజలకు కనీస భద్రత, సేవలు అందించలేని రాజ్యం. దుర్బల రాజ్యాల సూచీ ఇచ్చేది ఫండ్ ఫర్ పీస్. 12 అంశాలు, గరిష్ఠం 120 పాయింట్లు. పాయింట్లు పెరిగితే పరిస్థితి దిగజారినట్టు. తికమక పెట్టేది ఇక్కడే.

సంస్థల బలోపేతం: సుస్థిరాభివృద్ధి లక్ష్యం 16.

తిమోర్-లెస్టే: రాజధాని డిలి. పోర్చుగల్ వలస, 1975 నుంచి ఇండోనేషియా ఆక్రమణ. 1999 ఆగస్టు 30 రెఫరెండంలో 78.5% స్వాతంత్య్రం వైపు. తర్వాతి హింసలో కార్యాలయాలు, రికార్డులు తగలబడ్డాయి. పై హోదాల్లోని ఇండోనేషియా అధికారులు వెళ్లిపోయారు.

తీర్మానం 1272 (1999 అక్టోబర్ 25): ఐరాస తాత్కాలిక పాలనా యంత్రాంగం అన్‌టాయెట్ ఏర్పాటు. అధిపతి సెర్జియో వియెరా డి మెల్లో. శాసన, కార్యనిర్వాహక అధికారాలతోపాటు న్యాయపాలన కూడా దానిదే. ఐరాస శాంతి పరిరక్షణ మిషనంటే సైన్యమే అనుకునేవారు పై వాక్యం మళ్లీ చదవాలి.

స్వాతంత్య్రం: 2002 మే 20. తొలి అధ్యక్షుడు షనానా గుస్మావ్, తొలి ప్రధాని మరి అల్కతిరి. అధికార భాషలు టెటుమ్, పోర్చుగీసు. కరెన్సీ అమెరికా డాలర్. ఐరాసలో 191వ సభ్యదేశం.

చమురు ఆదాయానికి పెట్రోలియం ఫండ్: 2005. మరుసటి ఏడాదే సైన్యం, పోలీసుల్లో చీలిక, అల్లర్లు. ఖజానా నిలిచింది, భద్రతా వ్యవస్థ నిలవలేదు. మెయిన్స్ జవాబుకు పనికొచ్చే ఉదాహరణ. చివరి ఐరాస మిషన్ ముగింపు: 2012 డిసెంబర్ 31.

తప్పక చూడండి: జీ7 ప్లస్ దుర్బల దేశాల కూటమి, ప్రధాన కార్యాలయం డిలి, జీ7 వేరు. ఆసియాన్ 11వ సభ్యత్వం: 2025 అక్టోబర్ 26, కౌలాలంపూర్. తొలిసారి పర్యటించిన భారత రాష్ట్రపతి: ద్రౌపది ముర్ము, 2024 ఆగస్టు.