పోటీ పరీక్షల ప్రత్యేకం: ఎన్‌ఎండీసీ – కంపెనీ నిర్ణయాలు, షేరు ధర

బస్తర్ ప్రాంతంలో బైలడిల్లా ఇనుప గనులున్నాయి. వీటిని నడిపేది ఎన్‌ఎండీసీ.

* స్థాపన: 1958. ప్రధాన కార్యాలయం: హైదరాబాద్.
* ఎగుమతి: 2018లో జపాన్ ఉక్కు సంస్థలతో, దక్షిణ కొరియా పోస్కోతో దీర్ఘకాలిక ఒప్పందాల పునరుద్ధరణకు కేంద్రం ఆమోదం. ఖనిజం ధర తగ్గితే లాభం తగ్గుతుంది. ఆ ప్రభావం షేరుపై పడుతుంది.
* విభజన: నగర్నార్ ఉక్కు కర్మాగారం ఎన్‌ఎండీసీ స్టీల్‌గా వేరుపడింది. పాత వాటాదారులకు 1:1 నిష్పత్తిలో షేర్లు. 2023 ఫిబ్రవరిలో లిస్టింగ్.
* బోనస్: 2024 డిసెంబరులో 2:1. షేర్లు మూడు రెట్లయ్యాయి, ధర సుమారు మూడో వంతుకు సర్దుబాటైంది.

గుర్తుంచుకోండి: బోనస్‌తో షేర్ల సంఖ్య పెరుగుతుంది, కంపెనీ విలువ కాదు.

మాదిరి ప్రశ్న: 2:1 బోనస్ తర్వాత 100 షేర్లు ఎన్నవుతాయి?
జవాబు: 300.