చౌక ప్రాసెసరు వేగమును పెంచుట, దానికి తగిన కూలరు

కంప్యూటరునందు లెక్కలన్నియు చేయు భాగము ప్రాసెసరు. తయారుచేసినవారు నిర్ణయించిన వేగమును మించి దానిని నడపుటకు ఓవర్‌క్లాకింగు అని పేరు. 1998లో వెలువడిన ఇంటెల్ వారి సెలెరాన్ 300ఏ అను చౌక ప్రాసెసరును 300 మెగాహెర్ట్జులకు బదులు 450 మెగాహెర్ట్జులలో నడిపి పెక్కుమంది సంతోషించిరి. నేటి ప్రాసెసర్లలో అంత లాభము దుర్లభము. అయినను మన విద్యార్థులలో కొందఱు ఇందులకై కొత్త కూలరు కొనిపెట్టుమని ఇంట అడుగుచున్నారు గావున, ఆ ఖర్చు ఎంతవఱకు తగునో విచారింతము.

ఉదాహరణమునకు 2019లో వెలువడిన ఏఎమ్‌డీ వారి రైజెన్ 3 3200జీ అను ప్రాసెసరును గైకొందము. దీని మూలవేగము 3.6 గిగాహెర్ట్జులు, వేడిమి 65 వాట్లుగా నిర్ణయింపబడినది. వేగముతోపాటు అదే పాళ్లలో వేడిమియు పెరుగును. కాని హెచ్చు వేగమునకు హెచ్చు వోల్టేజి కావలెను. దాని వర్గముననుసరించి వేడిమి మరల పెరుగును. రెంటిని నూటికి పది చొప్పున పెంచితిమేని 1.1 × 1.1 × 1.1, అనగా సుమారు 1.33 రెట్లు. 65 వాట్లు 86 వాట్లగును. వేగములో లాభము పదియే, వేడిమి ముప్పదిమూడు! ఇది మంచి బేరము కాదని మా యభిప్రాయము.

గది గాలికంటె ప్రాసెసరు ఎన్ని డిగ్రీలు హెచ్చుగా నుండునో దానినిబట్టి కూలరు శక్తిని కొలువవలెను. 65 వాట్లకు 40 డిగ్రీల హెచ్చుతో నిలుపు కూలరు 86 వాట్లకు 53 డిగ్రీల హెచ్చుతో నిలుపును. పుష్యమాసపు ఉదయమున గది 20 డిగ్రీలున్నచో ప్రాసెసరు 73 డిగ్రీలుండును. రోళ్లు పగులునని పెద్దలు చెప్పు రోహిణి కార్తెలో, బెజవాడ మేడమీది గది 40 డిగ్రీలున్నచో అదియే 93 అగును. దాని గరిష్ఠ పరిమితి 95. ఆ పరిమితి చేరగానే ప్రాసెసరు తన్ను కాపాడుకొనుటకై వేగమును తానే తగ్గించుకొనును. డెల్టాలోని ఉక్క మాత్రము మనలను బాధించునట్లు యంత్రమును బాధింపదు. మనకు చెమట ఆఱవలెను. దానికి చెమటయే లేదు.

నీటి కూలరుతో ఈ చిక్కు తీరునని కొందఱు తలంతురు. ఇబ్రహీంపట్నమునందలి నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రమునకు కృష్ణ నీరే చల్లదనమిచ్చుచున్నది. అచ్చటి వేడిమిని నది మోసికొనిపోవును. కంప్యూటరులోని నీరు ఎక్కడికిని పోదు. గొట్టములలో తిరిగి, ఆ వేడిమిని మన గది గాలికే అప్పగించును. కావున అదియు గది ఉష్ణమునకు దిగువకు పోజాలదు.

రాగి గొట్టములు, అల్యూమినియపు రేకులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను గల టవరు కూలరు మనకు చాలును. ఆ గొట్టములలోని కొద్దిపాటి ద్రవము వేడిచోట ఆవిరియై, రేకులచోట మరల ద్రవమై వేడిమిని చేరవేయును. అయితే కూలరు ఎత్తు క్యాబినెట్టులో పట్టవలెను, మదర్‌బోర్డు సమ్మతింపవలెను. ఏ320 చిప్‌సెట్టు గల బోర్డులు వేగము పెంచనీయవు, బీ450వి పెంచనిచ్చును. వేగము పెంచుటవలన చెడిన ప్రాసెసరునకు వారంటీ వర్తింపదు. ఇంటిల్లపాదికి ఒకటే కంప్యూటరున్నచోట ముందుగా తల్లిదండ్రుల యనుమతి పొందవలెను.

పరీక్షింపదలచినవారు డిసెంబరు సెలవులలో గాక, మే నెల మధ్యాహ్నము రెండు గంటలకు, రేకుల దుమ్ము దులిపి, అరగంటసేపు పూర్తి భారముతో నడిపి ఉష్ణమును వ్రాసికొనవలెను. 85 డిగ్రీలు దాటినచో వేగమును, వోల్టేజిని మరల తగ్గింపవలెను.